లారీ పీల్చు గాలి
(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరము ఈ సభలో మేము పిల్లల దస్తూరిని గూర్చియో, హాజరును గూర్చియో, ఇంటిలో తెలుగు మాటలాడవలసిన అగత్యమును గూర్చియో ప్రసంగించుటయు, తాము ఓపికతో వినుటయు వాడుకయై యున్నది. ఈ యేడు లారీ ఇంజను పీల్చు గాలిని గూర్చి మాటలాడెదమనగా కార్యదర్శిగారు మొదట నవ్విరి. అంతట మేము చేర్పు రిజిస్టరు తెప్పించి వారి ముందుంచితిమి. తండ్రి వృత్తి అను గడిలో డ్రైవరు, క్లీనరు, లారీ యజమాని, మేస్త్రీ అను మాటలు ప్రతి పుటలోను కానవచ్చుచున్నవి. గుడియాత్తపు అగ్గిపెట్టెలును లుంగీలును, పేర్ణంబట్టు తోళ్లును, కుప్పము రాళ్లును లారీ యెక్కనిదే ఊరు దాటవు. మన పిల్లల పుస్తకముల వెల ఆ లారీయే మోసికొని వచ్చుచున్నది.

మేమును అట్టి యింటివారమే. మా తండ్రిగారు లారీ డ్రైవరు. వేసవి సెలవులలో ఆయన బండికి క్లీనరుగా పోయి, ఆయిలుబాత్ ఫిల్టరును కిరసనాయిలులో కడిగిన చేతులివి. కనుక ఈ విషయమున మాకు కొంత తెలియును, అంతయు తెలియదు. సభలో మేస్త్రీలు నలుగురైదుగురు కూర్చుండియున్నారు. మేము తప్పు పలికినచో వారు లేచి దిద్దవచ్చును. మా విద్యార్థులకు ఈ స్వేచ్ఛ ఎన్నడును ఇయ్యలేదు, తమకు మాత్రము ఇచ్చుచున్నాము.

ఈ ప్రసంగమునకు కారణము మా యింటిలోనే జరిగినది. మా చిన్న తమ్ముడు గుడియాత్తమున కాపురముండును. కొన్ని సంవత్సరముల క్రిందట అతడు ఒక పాత టర్బో లారీని వాయిదాలమీద కొనెను. బండి మంచిదే. కొన్ని నెలలకు ఒక షెడ్డువారు (ఊరు పేరు చెప్పము) అతనికి ఒక సలహా యిచ్చిరి. కంపెనీ బిగించిన గాలిపెట్టె ఇంజను గొంతు నొక్కుచున్నదట. దానిని తీసివేసి ‘కోను’ బిగించినచో బండి ఎత్తులు సునాయాసముగా ఎక్కుననియు, డీజిలు కలిసివచ్చుననియు చెప్పిరి. కోననగా నూనె పూసిన నూలుగుడ్డను తీగవలల నడుమ మడతలుగా పెట్టి, గరాటువలె చుట్టిన ఫిల్టరు. చూచుటకు మిక్కిలి అందముగా నుండును. క్యాబిను వెనుక నిలువుగా నున్న పొడుగుపాటి గొట్టమును, డబ్బావంటి పెట్టెను విప్పి పాత ఇనుములో వేసిరి. కోనును ఇంజను ప్రక్కనే, క్యాబిను క్రింద బిగించిరి.

నాటినుండి బండి శబ్దమే మారిపోయెను. ఆక్సిలరేటరు నొక్కగనే టర్బో ఈల వేయును. “అన్నా, బండి గుర్రంలాగా పోతోంది!” అని తమ్ముడు ఫోనులో చెప్పెను. మేమును ముందువెనుక లాలోచింపక మెచ్చుకొంటిమి. బి.ఎస్సీ. చదివి, భౌతికశాస్త్రము ముప్పదియేండ్లు బోధించిన మాకు, ఆ గాలి ఎంత శుభ్రముగా నున్నదని అడుగవలెనని తోచలేదు. ఆ తప్పులో మాకును భాగము కలదు.

అతని బండి కుప్పము వైపు రాళ్లక్వారీలనుండి చెన్నపట్టణపు రేవుకు రాయి తోలుచుండెను. క్వారీ మట్టిదారిలో ముందు బండి పోయినచో వెనుక బండికి దారి కానరాదు. ఆరవ నెలలో ఇంజను ఆయిలు తగ్గుట మొదలయ్యెను. ప్రతి ట్రిప్పుకు అరలీటరు, పిమ్మట లీటరు. తరువాత నీలిపొగ. డిప్‌స్టిక్కు పైకి తీసినచో ఆ రంధ్రమునుండి ఇంజను ఊపిరి వదలుచుండెను. తుదకు ఇంజను దించిరి. సిలిండరు గోడలు గీతలుపడి నునుపెక్కియుండెను, పిస్టను రింగులు బ్లేడులవలె పలుచనయ్యెను, టర్బోలోని రెక్కల అంచులు అరిగిపోయెను. బోరు, రింగులు, టర్బో, కూలి అన్నియు కలిసి లక్షా ఎనుబదివేల రూపాయలు. బండి నలుబది దినములు షెడ్డులో నిలిచెను. మూడు వాయిదాలు తప్పెను.

తమ్ముని కుమారుడు మన పాఠశాలలోనే తొమ్మిదవ తరగతి చదువుచుండెను. వాడు బడికి రాకుండుట మేము మొదటివారములోనే గమనించితిమి గాని, జ్వరమని నమ్మితిమి. మూడవవారమున తెలిసినదేమనగా, వాడు మరియొకరి లారీలో బెంగుళూరు దారిన క్లీనరుగా పోవుచున్నాడు. మరి కొన్ని దినములు గడచినచో హాజరుపట్టీలో వాని పేరు కొట్టివేయవలెను. కొట్టివేయవలసిన ప్రధానోపాధ్యాయుడమును మేమే, వాని పెదతండ్రియు మేమే. ఆ రాత్రి వేలూరునుండి కడపటి బస్సులో గుడియాత్తము పోయి తమ్ముని అరుగుమీద కూర్చుంటిమి. వాడు మరల బడికి వచ్చెను. ఏ విధముగా వచ్చెనో, ఎవరి నగలు ఎచటికి పోయెనో ఈ సభలో చెప్పదగిన మాట కాదు.

ఇక విషయములోనికి పోవుదము.

డీజిలు ఇంజను త్రాగు డీజిలు కంటె పీల్చు గాలి ఎన్నోవేల రెట్లు. ఒక లీటరు డీజిలు పూర్తిగా కాలుటకు సుమారు 10,000 లీటర్ల గాలి కావలెను. డీజిలు ఇంజను ఎప్పుడును కావలసినదానికంటె మించియే పీల్చును గాని తక్కువ పీల్చదు. లీటరుకు నాలుగు కిలోమీటర్లు పోవు లారీ గుడియాత్తమునుండి చెన్నపట్టణము చేరి, తిరుగుదారిలో కాంచీపురము దరికి వచ్చునప్పటికి 60 లీటర్లు కాల్చును. అనగా తక్కువలో తక్కువ ఆరులక్షల లీటర్ల గాలి. ఈ సంఖ్య చెవికెక్కదు. మన ఆరవ తరగతి గది ఇరువది అడుగుల పొడవు, ఇరువది అడుగుల వెడల్పు, పదునొకండు అడుగుల ఎత్తు. అట్టి గదులైదింటిలోని గాలిని నేలనుండి కప్పువరకు ఆ బండి ఒక్కదినమున మ్రింగివేయుచున్నదన్నమాట. అది పాలారు ఇసుకదారిలోని గాలియైనను, క్వారీ గాలియైనను ఇంజనుకు పేచీ లేదు.

ఆ గాలిలోని ధూళిలో పెక్కుపాలు సిలికా, అనగా చెకుముకిరాతి జాతి. దాని పొడి ఇనుమును గీయగలదు. కంటికి కనబడు ఇసుకరేణువునకు మనము భయపడనక్కరలేదు, దానిని ఏ గుడ్డయైనను ఆపును. హాని చేయునది కంటికి కనబడనిది. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. దానిలో పదవవంతు మొదలు నాలుగవవంతు వరకు గల రేణువులు రింగుకును సిలిండరు గోడకును నడుమనున్న ఆయిలు పొరలో సరిగా ఇముడును. ఇమిడి, దినమంతయు ఆకురాయివలె రాయుచుండును. ఇక టర్బో చక్రము నిమిషమునకు లక్ష చుట్ల దరిదాపున తిరుగునది. దానికి ఎదురువచ్చు రేణువు తుపాకి రవ్వయే.

ఈ సంగతి లోకమునకు తెలిసి నూరేండ్లు దాటినది. 1915లో అమెరికా దేశమున ఫ్రాంక్ డొనాల్డ్సన్ అను ట్రాక్టర్ల విక్రేత, యూటా రాష్ట్రపు రైతొకని ట్రాక్టరు దుమ్మువలన పాడగుట చూచి, తీగచట్రమునకు గుడ్డ చుట్టి గాలిగొట్టమునకు తగిలించెనట. ఇంజనులో లోపమున్నదని కొనుగోలుదారునితో ఒప్పుకొన్నందుకు ఆయన ఉద్యోగము పోయెను. ఆ గుడ్డచట్రమునుండియే నేడు ఆయన పేరు మోయు ఫిల్టర్ల కంపెనీ పుట్టినది. మన దేశమున 1954లో జంషెడ్‌పూరునుండి టాటా మెర్సిడిస్ బెంజ్ లారీలును, ఎన్నూరునుండి అశోక్ లేలండు బండ్లును వచ్చిన కాలమునకు ఆయిలుబాత్ వాడుకలో నుండెను. గాలి క్రిందికి దిగి, గిన్నెలోని ఆయిలుకు తాకి, వెనుకకు మళ్లి పైకి పోవును. బరువైన ధూళి మళ్లలేక ఆయిలులో పడును. మా తండ్రిగారు వారమునకొకమారు ఆ గిన్నె విప్పించి, అడుగున పేరుకొన్న నల్లని బురదను వ్రేలితో తీసి మాకు చూపి, “ఇదంతా మన ఇంజను తినాల్సింది” అనెడివారు. బండి మెల్లగా పోవునపుడు ఆ గిన్నె సరిగా పనిచేయదు. అందుచేతనే కాలక్రమమున మడతల కాగితపు ఫిల్టరు దాని స్థానము నాక్రమించెను.

ఇచట పిల్లలు చేసిన ఒక చిన్న చర్చను చెప్పవలెను. ఎయిర్ ఫిల్టరుకు తెలుగు మాట కావలెనని తొమ్మిదవ తరగతివారు ‘గాలిజల్లెడ’ అని కల్పించిరి. మాట సొంపుగానే యున్నది గాని అర్థము సరిపోదు. జల్లెడ తన రంధ్రముకంటె పెద్దదానినే ఆపును. కాగితపు ఫిల్టరు తన రంధ్రముకంటె చిన్న రేణువును సైతము ఆపును, ఏలయనగా గాలి వంకరలు తిరుగునపుడు రేణువు తిరుగలేక నారకు తగిలి అంటుకొనును. అంటుకొన్న ధూళి పొరయై తరువాతి ధూళిని మరింత బాగుగా ఆపును. కాబట్టి క్రొత్త ఫిల్టరు కంటె కొంత వాడిన ఫిల్టరే గాలిని ఎక్కువ శుభ్రపరచును. ఈ మాట మేస్త్రీలలో సైతము అనేకులు నమ్మరు. మేము మాత్రము ఆ పెట్టెను ఎయిర్ ఫిల్టరనియే అనుచున్నాము. షెడ్డులో గాలిజల్లెడ అడిగినచో ఏమి యిత్తురో తెలియదు.

కంపెనీ పెట్టె ఏల అంత పెద్దదిగా, అంత వికారముగా నుండును? తమ్ముని బండినుండి విప్పి పారవేసిన పెట్టెను తలచుకొని మేము ఒక్కొక్క భాగమునకు కారణము వెదకితిమి. గొట్టము క్యాబిను వెనుక పైకి లేచియుండుట చక్రములు లేపు ధూళికి పైనున్న గాలిని అందుకొనుటకు. ఇంజను వేడికి దూరముగా నుండుట మరియొక లాభము. ముప్పది డిగ్రీల గాలికి బదులు అరువది డిగ్రీల గాలి పీల్చినచో, అదే పరిమాణములో పదింట సుమారొక వంతు గాలి తక్కువగును. ఎక్కువ గాలికని కోను కొని, దానిని ఇంజను ప్రక్కన బిగించి, వేడిగాలి పీల్పించుట ఎట్టి యుక్తియో విచారించుడు. ఇక 2021 నవంబరులో పాలారును కౌండిన్యయు పొంగిన దినములు తమకు గుర్తుండును. క్రింద బిగించిన కోనుతో నీటిలో దిగినచో ఇంజను నీటినే పీల్చును. నీరు గాలివలె అణగదు, కనెక్టింగు రాడ్డు వంగును. పెట్టెలోపల గాలిని గిరగిర త్రిప్పు రెక్కలుండును. అవి మోటు ధూళిని గోడకు విసరివేయ, అది అడుగున రబ్బరు నోటిగుండ రాలిపోవును. దాని లోపల పెద్ద ఫిల్టరు, దాని కడుపులో సేఫ్టీ అను చిన్న ఫిల్టరు. పెద్దది చిరిగినను ఇంజనును కాపాడునది ఆ చిన్నది.

అయినను షెడ్డువారు అబద్ధమాడిరని మేము అనము. కోనుగుండ గాలి సులువుగా పోవుట నిజమే. మా అభ్యంతరమేమనగా, గాలి సులువుగా పోవుట వేరు, శుభ్రముగా పోవుట వేరు. పెట్రోలు ఇంజనువలె డీజిలు ఇంజనుకు సాధారణముగా గాలిని అడ్డగించి శక్తిని తగ్గించు మూత లేదు. శక్తి నిర్ణయించునది పంపు విడుచు డీజిలు. డీజిలు పెంచక గాలి మాత్రము పెంచినచో కాల్చుటకు ఏమున్నది? కంపెనీ పెట్టెలో శుభ్రమైన ఫిల్టరున్నంతవరకు మన సరకు లారీకి గాలి కరవు లేదు. ఇంజను శక్తిని ఎంతో హెచ్చించి నడుపు పందెపు బండ్లకు గాలిదారి వెడల్పు చేయుట సమంజసమే. 2014లో ఢిల్లీ చెంత గ్రేటర్ నోయిడాలో టాటావారు లారీల పందెము నడపిరి. పందెపు ఇంజను ఒక పందెమునకు నిలిచిన చాలును. మన ఇంజను ఐదేండ్ల వాయిదాలకు నిలువవలెను.

అంగడిలో ఏ ఫిల్టరు కొన్నను రెండు ప్రశ్నలు వేయుడు. గాలి ఎంత పోవును? ధూళి ఎంత ఆగును? ఐ.ఎస్.ఓ. 5011 అను ప్రమాణము ప్రకారము తెలిసిన తూకపు ధూళిని గాలిలో కలిపి ఫిల్టరుపైకి వదలి, ఎంత దాటిపోయెనో తూచి చెప్పు పరీక్ష కలదు. అందము చూపి అమ్మువారు మొదటి ప్రశ్నకే సమాధానమిత్తురు. రెండవదానికి ‘తొంబదితొమ్మిది శాతము’ అని కొందరందురు. పిల్లలకు తొంబదితొమ్మిది మార్కులు వచ్చినచో మనము మిఠాయి పంచెదము. ఇంజను విషయములో ఆ లెక్క వేరు. నూటికి 99 ఆపు ఫిల్టరు నూటికొకటి దాటనిచ్చును. 99.9 ఆపునది వేయింటికొకటి దాటనిచ్చును. చూపునకు రెంటికిని తేడా ఒక మార్కుకంటె తక్కువ. ఇంజను మ్రింగు ధూళి మాత్రము పదిరెట్లు.

ఇప్పుడు మా తొమ్మిదవ తరగతివారి ప్రయోగమును చెప్పెదము. ఫిల్టరు పెట్టె ప్రక్కన గాజుకన్నువంటి చిన్న సూచిక కొన్ని బండ్లలో నుండును. ఫిల్టరు మూసుకొనిపోయి ఇంజను బలముగా పీల్చవలసి వచ్చినపుడు అందులో ఎర్రగీత లేచును. అనేక డీజిలు ఇంజన్లకు ఆ హద్దు 25 అంగుళముల నీటిమట్టమునకు దరిదాపు. అంగుళముల నీటిమట్టమనగా ఏమో పిల్లలకు కంటితో చూపవలెనని, మూడు గజముల ప్లాస్టిక్కు గొట్టమును పలకమీద యు ఆకారముగా వంచి, కుంకుమ కలిపిన నీరు పోసి, స్కేలు అంటించితిమి. తండ్రియొకరు సరకుతో నున్న తమ లారీని దయతో ఇచ్చిరి. సూచిక విప్పిన రంధ్రమునకు గొట్టము తగిలించి, రెండవ కొనను గాలికి వదలి, పలకను క్యాబినులో పట్టుకొని, కాట్పాడి రైలు వంతెన మూడుమార్లు ఎక్కితిమి. మూడుమార్లును అదే బరువు, అదే గేరు. ఫిల్టరు మాత్రమే మార్చితిమి. స్కేలు చదివినవాడు మా తమ్ముని కుమారుడే.

మొదటిది నాలుగు నెలలు ముట్టకుండ వాడిన కంపెనీ ఫిల్టరు. చూచుటకు బొగ్గువలె నుండెను. యజమాని దానిని పారవేయుటకు సిద్ధముగా నుండిరి. కొలత 16 అంగుళములు. రెండవది క్రొత్తది, 11 అంగుళములు. మూడవది గడచిన సంవత్సరమంతయు పదిదినముల కొకమారు పంక్చరు అంగడిలో కంప్రెసరు గాలితో ఊది ఊది వాడి, తీసి దాచినది. కొలత 9 అంగుళములు.

పిల్లలు చప్పట్లు కొట్టిరి. “సార్, ఊదిందే అన్నిటికన్నా మంచిది! కొత్తదానికన్నా బాగా పీలుస్తోంది!” అని ఒక బాలిక అనెను. మేమేమియు చెప్పలేదు. బడికి తిరిగివచ్చి, కిటికీలు మూసి, చీకటి గదిలో ఒక దీపమును ఆ మూడవ ఫిల్టరు కడుపులో పెట్టి వెలిగించితిమి. కాగితపు మడతలవెంట నక్షత్రములవలె చుక్కలు చుక్కలుగా వెలుతురు వెలుపలికి వచ్చెను. కంప్రెసరు ఒత్తిడికి కాగితము సూదిబెజ్జములు పడియుండెను. గది నిశ్శబ్దమయ్యెను. కొంతసేపటికి మా తమ్ముని కుమారుడు, “మా బండి గూడా ఇట్లనే బాగా పీల్చింది, పెదనాన్నా” అనెను. బడిలో సార్ అనవలెనని వానికి చాలమారులు చెప్పియున్నాము. ఆ దినమున దిద్దలేదు.

మరునాడు ఆ లారీలో ఫిల్టరు దాటిన తరువాతి గొట్టమును విప్పించి, తెల్లని గుడ్డతో లోపల తుడిచితిమి. గుడ్డ బూడిదరంగు అయ్యెను. ఆ యజమాని ముఖము వాడిపోయెను గాని, ఇంజను ఇంకను చెడలేదు. సకాలమున తెలిసినది.

కాబట్టి కంపెనీదే కొనవలెనా, బయటిది కొనరాదా అని తాము అడుగుదురు. మా అభిప్రాయము ఇది. కంపెనీ పెట్టెను, గొట్టమును కదల్పరాదు. దానిలో పెట్టు కాగితపు ఫిల్టరు కంపెనీ ముద్రగలదే కానక్కరలేదు. ఫిల్టర్లు చేయుటే వృత్తిగా గల పేరున్న సంస్థలు ఉన్నవి, లారీ కంపెనీలకు సరఫరా చేయువారిలో అట్టివారును గలరు. అదే నంబరునకు, అదే కొలతకు సరిపడునది, అంచు రబ్బరు మెత్తగా బిగువుగా నున్నది కొనవచ్చును. కొంత సొమ్ము మిగులును. భయపడవలసినది నకిలీ డబ్బాకు. డబ్బా అచ్చముగా అట్లే యుండును, లోపలి కాగితము పలుచగా, మడతలు తక్కువగా, ఒక ప్రక్క గుంపుగా ఒక ప్రక్క ఎడముగా నుండును. బిల్లు ఇయ్యని అంగడిలో ఫిల్టరు కొనకుడు. మేము పాఠ్యపుస్తకముల విషయములోను ఈ మాటయే చెప్పుచుందుము.

క్రొత్త బండ్ల సంగతి మరియొకటి. 2020 ఏప్రిల్ 1 మొదలు భారత్ స్టేజి 6 నియమములు వచ్చినవి. అట్టి బండ్లు అనేకములలో ఫిల్టరు దాటిన చోట గాలిని కొలుచు సెన్సారు ఉండును. వేడిచేసిన సన్నని పొరమీదుగా పోవు గాలిని అది లెక్కించును. నూనె పూసిన నూలు ఫిల్టరును కడిగి, నూనె ఒక చుక్క ఎక్కువ పూసినచో ఆ నూనె తుంపర సెన్సారుకు అంటుకొని లెక్క తప్పును. బండి శక్తి తగ్గించుకొని ప్రాకును, డ్యాష్‌బోర్డున దీపము వెలుగును. గ్యారంటీ కాలములో పెట్టె మార్చి ఇంజను ధూళితో చెడినచో కంపెనీవారు ఒప్పుకొందురని ఆశపడరాదు. చట్టమును గూర్చి కొందరు భయపెట్టుదురు. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను రిజిస్ట్రేషను వివరములకు విరుద్ధమగు మార్పులను నిషేధించుచున్నది. ప్రతి ఫిల్టరు మార్పును ఆ సెక్షను క్రిందికి వచ్చునని మేము వాదింపము. పోలీసువారికంటె ముందు ఇంజనే శిక్ష విధించును.

మనవారిలో కష్టపడి బండి చూచుకొనువారే ఎక్కువగా చేయు తప్పు ఒకటి కలదు. వారమున కొకమారు పెట్టె తెరచి, ఫిల్టరును టైరుకు తట్టి, ఊది, మరల పెట్టుట. భక్తితో చేయు పనియే, ఫలము విపరీతము. తెరచినప్పుడెల్ల అంచున నున్న ధూళి శుభ్రమైన ప్రక్కకు రాలును, తట్టినప్పుడెల్ల అంచు వంగును. సూచికలో ఎర్రగీత వచ్చువరకో, బండి పుస్తకములో చెప్పిన కిలోమీటర్లవరకో దానిని ముట్టవలదు. క్వారీ తోలకమునకు పుస్తకములో వేరుగా తక్కువ కిలోమీటర్లు వ్రాసియుండును, అది చూడవలెను. లోపలి సేఫ్టీని ఎన్నడును ఊదరాదు, కడుగరాదు. వెలుపలిది మూడుమార్లు మార్చినపుడు దానిని ఒకమారు మార్చుట వాడుక. దినమునకొకమారు చేయవలసిన పని ఒక్కటే, అడుగునున్న రబ్బరు నోటిని వ్రేళ్లతో నొక్కి ధూళి రాల్చుట. రబ్బరుగొట్టపు క్లిప్పులు వదులైనచో ఫిల్టరు బంగారముతో చేసినదైనను వ్యర్థము. ధూళి వదులైన సందునే పోవును.

బండి పుస్తకము ఇంగ్లీషున నున్నది, డబ్బామీది సూచనలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉన్నవి, మేమెట్లు చదువుదుమని తాము అనవచ్చును. మన పిల్లలు తెలుగు, తమిళము, ఇంగ్లీషు మూడును నేర్చుచున్నారు. ఫిల్టరుకు సంబంధించిన రెండు పుటలను పదవ తరగతివారు మూడు రకముల బండ్ల పుస్తకములనుండి తేటతెలుగున వ్రాసి యిచ్చిరి. వారి తప్పులు దిద్దుటకు మాకు నాలుగు సాయంకాలములు పట్టెను, అందులో ఒక సాయంకాలము ‘వదులు’ అను మాటకే. 1911లో చిత్తూరు వేరుజిల్లా కాకముందు చిత్తూరును గుడియాత్తమును ఒకే ఉత్తర ఆర్కాడు జిల్లాలోనివి. నేటికిని మన బండ్లు వారమునకు మూడుమార్లు ఆ సరిహద్దు దాటుచున్నవి. కనుక ఆ కాగితము అవతలి వైపు డ్రైవర్లకును పనికివచ్చును, సిగ్గుపడక ఇయ్యవచ్చును.

ఆ కాగితపు ప్రతులు తలుపువద్ద బల్లమీద నున్నవి. కుంకుమనీటి పలక సైన్సు గదిలో భద్రముగా నున్నది. ప్రతి రెండవ శనివారము ఉదయము పది గంటలనుండి, సరకుతో నున్న బండిని తెచ్చినవారికి పిల్లలు కొలిచి చెప్పెదరు. సూచిక విప్పుటకు మేస్త్రీ ఒకరిని వెంట తెచ్చుకొనుడు. దీపము మేమిత్తుము. గొట్టము తుడుచుటకు తెల్లగుడ్డ మాత్రము తామే తెచ్చుకొనవలెను, క్రిందటిమారు వచ్చినవారు బడి జెండా బీరువాలోని గుడ్డ అడిగిరి.